పాల ఉత్పత్తుల ఎగుమతి: మార్కెట్‌ను చదవడం నుంచి కంటైనర్ ఎక్కించేదాకా సమగ్ర మార్గదర్శి

ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పాలు పిండే దేశం మనది. 2023-24లో దేశంలో 23.93 కోట్ల టన్నుల పాలు వచ్చాయి. ప్రపంచ ఉత్పత్తిలో ఇది దాదాపు నాలుగో వంతు. అదే ఏడాది మనం విదేశాలకు పంపిన పాల ఉత్పత్తులు సుమారు 63,738 టన్నులు, వాటి విలువ దాదాపు రూ.2,261 కోట్లు. కిలో సరుకుకు సగటున 15 లీటర్ల పాలు పట్టాయనుకున్నా 10 లక్షల టన్నుల పాలు కూడా కాలేదు. అంటే నూరు లీటర్లు పిండితే అర లీటరు కూడా దేశం దాటలేదు.

ఇందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదు. మన పాలు మన ఇళ్లలోనే కాఫీ, టీ, పెరుగు, మజ్జిగ, నెయ్యి అయిపోతున్నాయి. తలసరి లభ్యత రోజుకు 471 గ్రాములకు చేరింది. న్యూజిలాండ్‌లో తాగేవాళ్లు తక్కువ, పాలు ఎక్కువ, కాబట్టి అక్కడ పిండిన పాలలో దాదాపు 95 శాతం ఎగుమతికే పోతాయి. మనం వాళ్లలా కావాల్సిన పని లేదు. నాకు బాధ కలిగించే విషయం వేరే ఉంది. చలికాలంలో పొడి పేరుకుపోతే విదేశీ కొనుగోలుదారు కోసం వెతుకుతాం. ఎండాకాలంలో ఇక్కడ ధర పెరగగానే అదే మనిషి ఫోన్ చేస్తే ఎత్తం. ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి అతను మన దేశం వైపే చూడడు. కాబట్టి ఈ మార్గదర్శిలో ప్రతి అడుగూ ఒకే లెక్క మీద నడుస్తుంది: ఏడాది పొడవునా ఇవ్వగలిగిన సరుకు ఒకటి ఎంచుకుని, దానికి కావాల్సిన పాలను ముందే పక్కన పెట్టుకోవాలి.

చిన్న, మధ్యస్థాయి డెయిరీలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, సొంత ప్లాంటు లేకుండా సరుకు కొని పంపాలనుకునే వ్యాపారులు, ఈ ముగ్గురినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి అడుగు: మీ పాల ఏడాదిని కాగితం మీద పెట్టండి

మన గేదెలు ఎక్కువగా వానాకాలం చివర్లో, చలికాలం మొదట్లో ఈనుతాయి. పచ్చిమేత కూడా అప్పుడే దొరుకుతుంది. అందుకే అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా పాలు దండిగా వస్తాయి, దీన్నే డెయిరీల్లో ఫ్లష్ సీజన్ అంటారు. ఏప్రిల్ నుంచి జూలై దాకా పాలు తగ్గుతాయి. సరిగ్గా అప్పుడే పెరుగు, మజ్జిగ, ఐస్‌క్రీమ్ గిరాకీ పెరుగుతుంది. చలికాలంలో ఆరబెట్టి దాచిన పొడి, వెన్న ఎండాకాలంలో మళ్లీ పాలుగా మారి ప్యాకెట్లలోకి వెళ్తాయి.

గత మూడేళ్ల సేకరణ లెక్కలు తీసి నెలవారీగా రాయండి: ఎన్ని లీటర్లు వచ్చాయి, సగటు ఫ్యాట్ ఎంత పడింది, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు) ఎంత, రైతుకు లీటరుకు ఎంత ఇచ్చారు, ప్యాకెట్ పాలకు, పెరుగుకు ఎంత పోయింది. అన్నిటికంటే తక్కువ పాలు వచ్చిన నెలలో స్థానిక అమ్మకాలు పోను ఎంత మిగిలిందో చూడండి. ఏడాదంతా ఇస్తానని విదేశీ కొనుగోలుదారుకు మాట ఇవ్వగలిగింది ఆ మిగులుతో తయారయ్యే సరుకు వరకే. నెయ్యి, పొడి లాంటివి చలికాలంలో చేసి దాచుకోగలం కాబట్టి ఆ మేరకు కొంత పెంచుకోవచ్చు. డిసెంబర్ లెక్క చూసి మే నెల సరుకు ఒప్పుకోవద్దు.

ఈ పని చేయకపోతే ఏం జరుగుతుందో దేశం మొత్తం మీద చూశాం. 2011 ఫిబ్రవరిలో ఇక్కడ పాలకు కొరత వచ్చి ధరలు పెరగడంతో కేంద్రం పాలపొడి ఎగుమతిని నిషేధించింది. 2012 జూన్‌లో ఆ నిషేధం ఎత్తేశారు. 2018లో అందుకు పూర్తిగా తలకిందులైన పరిస్థితి: పొడి నిల్వలు గుట్టలుగా పేరుకుని, ప్రభుత్వాలు ఎగుమతికి ప్రోత్సాహకాలు ఇవ్వాల్సి వచ్చింది. మళ్లీ పశువులకు వచ్చిన లంపీ చర్మవ్యాధి దెబ్బ తర్వాత 2023లో వెన్న దిగుమతి చేసుకుందామా అన్న మాట కూడా ఢిల్లీలో వినిపించింది. కొన్నేళ్లకోసారి ఈ చక్రం తిరుగుతూనే ఉంది. మీ ఒప్పందంలో ‘ప్రభుత్వ నిషేధం వస్తే’ అన్న షరతు తప్పకుండా రాసుకోవాలనడానికి కారణం ఇదే.

రెండో అడుగు: బయటి ధర చదవడం నేర్చుకోండి

ప్రపంచ పాల ఉత్పత్తుల ధరకు అందరూ చూసే అద్దం గ్లోబల్ డెయిరీ ట్రేడ్ వేలం. 2008లో న్యూజిలాండ్ సంస్థ ఫాంటెరా మొదలుపెట్టింది. సాధారణంగా రెండు వారాలకోసారి, మంగళవారం జరుగుతుంది. వెన్న తీసిన పాలపొడి, వెన్నతో ఉన్న పాలపొడి, వెన్న, నెయ్యికి దగ్గరి బంధువైన ఏఎంఎఫ్ అనే శుద్ధ వెన్నకొవ్వు, చెడ్డార్ లాంటి వాటి ధరలు టన్నుకు ఇన్ని డాలర్లని వస్తాయి. ఫలితాలు అందరికీ ఉచితంగా కనిపిస్తాయి.

ఒక నోట్‌బుక్కులో నాలుగు గీతలు గీసుకోండి. ఒకదాంట్లో పొడి ధర, రెండోదాంట్లో వెన్నకొవ్వు ధర, మూడోదాంట్లో డాలరు మారకం, నాలుగోదాంట్లో మన దగ్గర పొడి ధర. ఆరు నెలలు రాస్తే మీకే ఒక విషయం తెలుస్తుంది: మన ధర, ప్రపంచ ధర కలిసి నడవవు. దానికి కారణం మనం కట్టుకున్న గోడ. పాలపొడి దిగుమతి మీద మన సుంకం 60 శాతం. 2019 నవంబర్‌లో ఆసియా-పసిఫిక్ దేశాల ఆర్‌సీఈపీ వాణిజ్య ఒప్పందం నుంచి మన దేశం బయటికి రావడానికి పాడి రైతుల భయం ఒక పెద్ద కారణం. 2025 జూలైలో సంతకమైన బ్రిటన్ ఒప్పందంలోనూ పాల ఉత్పత్తులకు మన వైపు నుంచి తలుపు తీయలేదు. రెండు, మూడు గేదెలతో బతికే కోట్ల కుటుంబాలకు ఈ గోడ అవసరమనే నేను నమ్ముతాను. అయితే ఎగుమతిదారుకు దాని ఫలితం ఒకటుంది: చాలా నెలల్లో లోపలి ధర బయటి ధర కంటే ఎక్కువగా ఉంటుంది. అలాంటప్పుడు పొడి బయటికి పంపితే చేతి డబ్బు పెట్టి పంపినట్టే.

ధర ఎందుకు కదులుతోందో కూడా గమనించండి. చైనా చాలాకాలం పాలపొడిని ఎక్కువగా కొనే దేశం. అక్కడ సొంత ఉత్పత్తి పెరిగాక 2022 నుంచి దిగుమతులు తగ్గించింది, ఆ ప్రభావం ప్రపంచమంతా కనిపించింది. న్యూజిలాండ్‌లో పాలు పొంగేది అక్టోబర్, నవంబర్ నెలల్లో, యూరప్‌లో ఏప్రిల్, మే నెలల్లో. ఆ నెలల్లో పొడి కొనేవాడికి సరుకు చవకగా దొరుకుతుంది కాబట్టి మన ఫోన్ ఎత్తకపోవచ్చు.

ఎగుమతి లెక్కల్ని చదివే చిన్న పద్ధతి ఒకటి చెబుతాను. రూపాయల్ని కిలోలతో భాగించండి. 2021-22లో మనం 1,08,711 టన్నులు పంపి రూ.2,929 కోట్లు తెచ్చుకున్నాం, కిలోకు సగటున రూ.269. 2023-24లో కిలోకు దాదాపు రూ.355. సరుకు 40 శాతానికి పైగా తగ్గినా ఆదాయం పావు వంతు కూడా తగ్గలేదు. ఇలా సగటు పెరిగిందంటే చవకైన సరుకు వాటా తగ్గి ఖరీదైన సరుకు వాటా పెరిగిందేమో చూడాలి. దానికి హెచ్‌ఎస్ కోడ్‌ల (కస్టమ్స్‌లో ఒక్కో సరుకుకు ఇచ్చే అంకెల) వారీగా లెక్కలు తీయాలి: 0401 ద్రవ పాలు, 0402 పొడి, 0403 పెరుగు, మజ్జిగ, 0404 వే (పాలు విరిచాక మిగిలే నీరు), 0405 వెన్న, నెయ్యి, 0406 చీజ్, పనీర్. ఐస్‌క్రీమ్ 2105లో, కేసిన్ అనే పాల ప్రొటీన్ 3501లో ఉంటాయి. ఈ లెక్కలు వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా వెబ్‌సైట్‌లో దేశాల వారీగా దొరుకుతాయి.

మూడో అడుగు: నూరు లీటర్ల లెక్క వేయండి

ఇది వేయకుండా ఎగుమతిలో దిగి దెబ్బతిన్నవాళ్లను చూశాను. కింద రాసినవి లెక్క నేర్చుకోవడానికి ఊహించిన అంకెలు. వీటి స్థానంలో మీ అంకెలు పెట్టుకోండి.

7 శాతం ఫ్యాట్ ఉన్న 100 లీటర్ల గేదె పాలు తీసుకుందాం. బరువు సుమారు 103 కిలోలు. తరుగు పోను దాదాపు 7 కిలోల నెయ్యి వస్తుంది, వెన్న తీసిన పాల నుంచి సుమారు 9 కిలోల పొడి వస్తుంది. రైతుకు లీటరుకు రూ.60 ఇస్తే పాల ఖర్చు రూ.6,000. సేకరణ, చల్లబరచడం, ట్యాంకర్ కలిపి రూ.400, ప్లాంటు ఖర్చు, ప్యాకింగ్ రూ.365 అనుకుంటే మొత్తం రూ.6,765.

ఇప్పుడు అమ్మకం. బయట పొడి టన్ను 2,700 డాలర్లు, డాలరు రూ.85 అయితే కిలోకు రూ.230 వస్తుంది. 9 కిలోలకు రూ.2,070. నెయ్యిని పెద్ద డ్రమ్ముల్లో కిలో రూ.600కు అమ్మితే రూ.4,200. రెండూ కలిపి రూ.6,270. దాదాపు రూ.500 నష్టం!

అదే నెయ్యిని సీసాల్లో, సొంత పేరుతో, అదనపు ఖర్చులన్నీ పోను కిలోకు రూ.750 చేతికొచ్చేలా అమ్మితే రూ.5,250 వస్తుంది. నష్టం పోయి రూ.555 లాభం వస్తుంది. ఇంకో మార్పు చేయండి: పొడిని బయటికి పంపకుండా ఇక్కడే బిస్కెట్, ఐస్‌క్రీమ్ కంపెనీలకు కిలో రూ.250కి అమ్మండి. లాభం రూ.735 అవుతుంది. ఒకే పాలు, ఒకే ప్లాంటు, కానీ ఏ సరుకు ఎక్కడికి అన్నదాని మీద నష్టమా లాభమా తేలుతుంది.

రైతు రేటు లీటరుకు 2 రూపాయలు పెరిగితే ఈ లాభంలో రూ.200 పోతుంది. అప్పుడు రైతు రేటు తగ్గించి లెక్క సరిచేద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయవద్దు. రేటు తగ్గగానే పాలు పక్క కేంద్రానికి పోతాయి, మిగిలిన పాలలో నాణ్యత పడిపోతుంది, ఎగుమతికి మూలమే పోతుంది.

నాలుగో అడుగు: ఒక సరుకు, రెండు దేశాలు

మొదటి ఏడాది ఇంతకంటే ఎక్కువ పెట్టుకోవద్దు. మన సరుకు ఎక్కువగా వెళ్లే చోట్లు యూఏఈ, సౌదీ అరేబియా, అమెరికా, భూటాన్, సింగపూర్. పొడి ధర కుదిరిన ఏడాది బంగ్లాదేశ్ పెద్ద కొనుగోలుదారు అవుతుంది.

నెయ్యి మనకు పుట్టింటి సరుకు. అందులో నీరు దాదాపు ఉండదు కాబట్టి చల్లటి కంటైనర్ అక్కర్లేదు, నెలల తరబడి నిలవ ఉంటుంది. బయట ఉన్న మనవాళ్లు ఎలాగూ కొంటారు. వాళ్లతో ఆగిపోకండి. ఈజిప్టులో ‘సమ్నా’ పేరుతో గేదె నెయ్యి వాడకం తరతరాలుగా ఉంది. గేదె వెన్న తెల్లగా ఉంటుంది, ఎందుకంటే ఆవు పాలకు పసుపు రంగిచ్చే కెరోటిన్ గేదె పాలలో ఉండదు. ఆ తెలుపే కావాలనే వంటిళ్లు పశ్చిమాసియాలో చాలా ఉన్నాయి. ప్రపంచంలోని గేదెల్లో సగానికి పైగా మన దేశంలోనే ఉన్నాయి. న్యూజిలాండ్, అమెరికా మనతో పోటీ పడలేని చోటు ఇదొక్కటే. ముర్రా గేదెల గోదావరి జిల్లాల వాళ్లకు ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. ఇటలీలో మొజరెల్లా అసలు రుచి కూడా గేదె పాలదే. చీజ్ చేయగల ప్లాంటు ఉన్నవాళ్లు ఆ దారి చూడవచ్చు. కానీ చీజ్‌కు చల్లటి గొలుసు ఎక్కడా తెగకూడదు. పాలను గడ్డకట్టించే రెన్నెట్ దేనినుంచి తీశారో కూడా గల్ఫ్ కొనుగోలుదారు అడుగుతాడు.

పనీర్, కోవా గడ్డకట్టించి పంపవచ్చు, కానీ అది రెండో ఏడాది మాట. ద్రవ పాలు మోసుకెళ్లడం నీళ్లు మోసుకెళ్లడమే. అమూల్ 2024లో అమెరికాలో తాజా పాలు మొదలుపెట్టినప్పుడు ఇక్కడి నుంచి పాలు పంపలేదు, మిషిగన్ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘంతో కలిసి అక్కడి పాలనే తన పేరుతో అమ్మింది. నెల్లూరులో మొదలైన దొడ్ల డెయిరీ ఉగాండాలో ప్లాంటు నడుపుతోంది. దేశం దాటడానికి సరుకు ఒక్కటే దారి కాదనడానికి ఇవి మంచి ఉదాహరణలు.

దేశం ఎంచుకునేటప్పుడు అక్కడి సుంకం, కోటా రెండూ అడిగి తెలుసుకోండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఒక్క దేశాన్నే నమ్ముకున్నవాళ్లు ఎంత టెన్షన్ పడ్డారో తెలిసిందే. రెండు దేశాలు అన్నది అందుకే.

ఐదో అడుగు: నాణ్యతను కొట్టం నుంచే మొదలుపెట్టండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీద పెట్టండి. ఓడరేవులో తిరస్కరించిన సరుకు కథ చాలాసార్లు ఆరు వారాల ముందు ఒక దాణా బస్తా దగ్గర మొదలవుతుంది.

వర్షానికి తడిసిన వేరుశనగ చెక్క, పత్తి చెక్క, మొక్కజొన్న బూజు పడతాయి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ బీ1ను పశువు తింటే అది శరీరంలో మారి ఎం1గా పాలలోకి వస్తుంది. కాచినా పోదు. కిలో పాలలో 0.5 మైక్రోగ్రాముల దాకా మన ప్రమాణాలు, కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు ఒప్పుకుంటాయి. యూరప్ పరిమితి 0.05. అంటే మన దగ్గర పాసైన పాలు అక్కడ పది రెట్లు ఎక్కువ విషంతో ఉన్నట్టు తేలవచ్చు. ఈ ఎం1 పాలలోని ప్రొటీన్‌కు అంటుకుని ఉంటుంది. అందుకే పొడి, పనీర్, చీజ్‌లో చిక్కబడుతుంది, నెయ్యిలోకి చాలా తక్కువ వెళ్తుంది. మొదటి సరుకుగా నెయ్యే ఎంచుకోమనడానికి ఇది ఇంకో కారణం.

ఏం చేయాలి? దాణా బస్తాలు నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు ఆనకుండా పెట్టమని ప్రతి పాల కేంద్రంలో చెప్పండి. దాణా మీరే సరఫరా చేస్తుంటే ప్రతి లాట్‌నూ పరీక్ష చేయించండి. చెక్క చేత్తో నలిపి వాసన చూడటం రైతుకు అలవాటు చేయండి. ముక్కిన వాసన వస్తే పారేయడమే, గొడ్డుకు పెట్టకూడదు.

రెండోది యాంటీబయాటిక్. పొదుగు వాపు వస్తే సూది వేస్తారు. మందు మీద రాసిన గడువు తీరేదాకా ఆ గేదె పాలు కేంద్రంలో పోయకూడదు. అన్ని రోజుల పాల డబ్బులు వదులుకోమంటే ఏ రైతుకైనా కష్టమే. నా అభిప్రాయంలో ఆ నష్టంలో కొంతైనా డెయిరీ భరించాలి. ఒక గేదె పాలు నిజాయితీగా పక్కన పెట్టిన రైతుకు సగం డబ్బు ఇవ్వడం, ఒక ట్యాంకర్ మొత్తం పారబోయడం కంటే చాలా చవక. పొదుగు వాపు మొదటి దశలోనే కలబంద, పసుపు, సున్నం కలిపి పూసే పద్ధతిని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ విస్తృతంగా ప్రచారం చేస్తోంది. మీ పశువైద్యుణ్ని అడిగి అదీ నేర్పించండి.

మూడోది చల్లదనం. పిండిన రెండు మూడు గంటల్లో పాలు 4 డిగ్రీలకు రావాలి. ఎగుమతికి పెట్టుకునే పాలకు బల్క్ మిల్క్ కూలర్ ఉన్న కేంద్రాలనే ఎంచుకోండి, ఆ పాలను వేరే ట్యాంకర్‌లో తెప్పించండి. ఏ కంటైనర్‌లో ఏ ఊళ్ల పాలున్నాయో మీ పుస్తకంలో తెలియాలి.

కల్తీ గురించి ఒక్క మాట. 2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ అనే రసాయనం కల్తీ బయటపడింది. ఆ సెప్టెంబర్‌లోనే మన దేశం చైనా పాల ఉత్పత్తులను నిషేధించింది, తర్వాత ఏళ్ల తరబడి ఆ నిషేధాన్ని పొడిగిస్తూ వచ్చింది. ఎవరో కొందరు చేసిన తప్పుకు దేశం మొత్తానికి తలుపులు మూసుకుపోయాయి.

నెయ్యికి ల్యాబులో చేసే బాడౌన్ పరీక్ష ఒకసారి దగ్గరుండి చూడండి. కరిగించిన నెయ్యిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కొంచెం ఫర్‌ఫ్యురాల్ కలిపి బాగా ఊపి పక్కన పెడతారు. అడుగున దిగిన ఆమ్లం పొర రంగు మారకపోతే సరే. గులాబీ రంగు తిరిగిందంటే వనస్పతి కలిసినట్టు. మన దేశంలో వనస్పతిలో నువ్వుల నూనె కలపాలన్న నిబంధన పెట్టింది ఇలా పట్టుకోవడానికే. ఇంకో చిక్కు ఉంది: పత్తి గింజలు, పత్తి చెక్క ఎక్కువగా మేపే ప్రాంతాల నెయ్యిలో ఆర్‌ఎం విలువ (నెయ్యి స్వచ్ఛతకు చూసే ఒక అంకె) సహజంగానే తక్కువగా వస్తుంది. స్వచ్ఛమైన నెయ్యి కూడా కాగితం మీద కల్తీలా కనిపిస్తుంది. అలాంటి ప్రాంతాల నెయ్యికి ప్రభుత్వ నాణ్యతా ముద్ర అగ్‌మార్క్‌లో వేరే పరిమితులున్నాయి. కొనుగోలుదారు ఏ పరిమితి అడుగుతున్నాడో ముందే చూసుకుని, ఆ ప్రకారం ఏ ఊళ్ల పాలు వాడాలో తేల్చుకోండి.

ఆరో అడుగు: కాగితాలు

ఇవి భయపెట్టినంత కష్టం కావు, వరుస తప్పకపోతే చాలు. మొదట విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడ్) తీసుకోండి, రుసుము రూ.500. తర్వాత అపెడాలో సభ్యత్వం. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కేంద్ర లైసెన్సు. బ్యాంకులో ఏడీ కోడ్ (విదేశీ చెల్లింపులు చూసే బ్యాంకు శాఖ అంకె) తీసుకుని ఓడరేవు కస్టమ్స్‌లో నమోదు చేయించండి. జీఎస్టీలో ఎల్‌యూటీ అనే హామీపత్రం వేస్తే పన్ను కట్టకుండానే ఎగుమతి చేయవచ్చు.

ఎక్కువ సమయం పట్టేది ఎగుమతి తనిఖీ మండలి ఆమోదం. పాల ఉత్పత్తుల ప్లాంటును వాళ్లు వచ్చి చూస్తారు, రికార్డులు అడుగుతారు, ఆ తర్వాతే ఆరోగ్య ధ్రువపత్రం ఇస్తారు. సొంత ప్లాంటు లేనివాళ్లు ఆమోదం ఉన్న ప్లాంటు నుంచే సరుకు కొనాలి. అమెరికాకు పంపాలంటే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో ప్లాంటు నమోదు కావాలి, సరి సంఖ్య సంవత్సరాల చివర్లో దాన్ని రెన్యూ చేయాలి. చాలామంది మరిచిపోయేది దీన్నే. గల్ఫ్ దేశాలకు అరబిక్ లేబుల్ తప్పనిసరి. తయారీ తేదీ, గడువు తేదీ మీద స్టిక్కర్ అంటించి సరిపెట్టవద్దు, డబ్బా మీదే అచ్చు వేయించండి.

లేబుల్ మీద గొప్పలు రాసేముందు ఆలోచించండి. 2024 ఆగస్టులో పాలలోని ప్రొటీన్ రకాన్ని చెప్పే ఏ1, ఏ2 రాతలు తీసేయమని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశం ఇచ్చి, కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఇలా ఊగే మాట మీద వేల లేబుళ్లు అచ్చు వేయించడం మంచిది కాదు.

ప్లాంటు బాగుచేసుకోవడానికి అప్పు కావాలంటే పశుసంవర్ధక మౌలిక సదుపాయాల నిధి కింద 3 శాతం వడ్డీ రాయితీతో 2025-26 దాకా ప్రకటించిన రుణాలు ఇప్పుడూ ఉన్నాయేమో మీ బ్యాంకులో అడగండి.

ఏడో అడుగు: కొనేవాణ్ని వెతకడం, డబ్బు రాబట్టుకోవడం

దుబాయ్‌లో ఏటా జరిగే ఆహార ప్రదర్శన గల్‌ఫుడ్‌కు అపెడా ద్వారా వెళ్లడం మొదటిసారి వాళ్లకు సులువు. స్టాల్ పెట్టే స్తోమత లేకపోతే సందర్శకుడిగా వెళ్లండి. నాలుగు సూపర్‌మార్కెట్లు తిరిగి ఏ నెయ్యి ఎంతకు అమ్ముతున్నారు, తయారీ తేదీ ఎంత పాతది, ఏ సైజు డబ్బాలు అరల్లో ఖాళీ అవుతున్నాయో రాసుకోండి. ఆ కాగితం ఏ కన్సల్టెంట్ నివేదికకూ తీసిపోదు.

ధర చెప్పేటప్పుడు ఎఫ్‌ఓబీయా (ఓడ ఎక్కించేదాకా ఖర్చే మనది), సీఐఎఫ్ఆ (ఓడ కిరాయి, బీమా కూడా మనవే) అన్నది స్పష్టంగా రాయండి. ఓడ కిరాయి ఒక్క నెలలో రెట్టింపు కావచ్చు కాబట్టి కొత్తవాళ్లకు ఎఫ్‌ఓబీ మేలు. ధర ఎన్ని రోజులు చెల్లుతుందో కూడా రాయండి, 15 రోజులు చాలు. కొంత అడ్వాన్స్, మిగతాది ఎల్‌సీ (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీద. తెలిసినవాళ్లు చెప్పారని అప్పు మీద మొదటి కంటైనర్ పంపొద్దు. అలా పంపాల్సి వస్తే ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ బీమా తీసుకోండి.

ఎనిమిదో అడుగు: ప్యాకింగ్, కంటైనర్

ఇరవై అడుగుల కంటైనర్‌లో 25 కిలోల పొడి బస్తాలైతే సుమారు 16 టన్నులు పడతాయి. నెయ్యి సీసాలైతే కార్టన్ల సైజును బట్టి మారుతుంది. మన రెండు రాష్ట్రాల నుంచి విశాఖపట్నం, చెన్నై రేవులు దగ్గర.

నెయ్యిలో నాకు మొదట్లో ఎదురైన ఇబ్బంది చెబుతాను. పంపేటప్పుడు నెయ్యి చక్కగా పూస కట్టి ఉంది. ఓడ మీద ఎండకు కంటైనర్ లోపల వేడెక్కి మొత్తం కరిగిపోయింది. దిగాక గోదాములో నెమ్మదిగా చల్లారింది. పూస అంతా అడుగుకు చేరి, పైన పసుపు నూనెలా తేలింది. కొనుగోలుదారు ఫొటోలు పంపి ‘ఇందులో వేరే నూనె కలిపారు’ అన్నాడు. ల్యాబ్ రిపోర్టు పంపినా నమ్మించడానికి మూడు వారాలు పట్టింది. అప్పటి నుంచి ప్రతి కొత్త కొనుగోలుదారుకు సరుకు బయలుదేరే ముందే రెండు ఫొటోలు పంపుతున్నాను: పూస కట్టిన సీసా ఒకటి, కరిగి తిరిగి పేరుకున్న సీసా ఒకటి. రెండూ ఒకే నెయ్యి అని కింద రాస్తాను.

మూతలకు లోపల సీల్ ఉండాలి, లేకపోతే కరిగిన నెయ్యి కార్టన్లను నానబెడుతుంది. సీసా నిండా పోయండి, పైన గాలి ఎంత తక్కువుంటే అంత మంచిది. రాగి తగిలిన నెయ్యి తొందరగా ముక్కిపోతుంది కాబట్టి పైపులు, వాల్వులు అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. ప్రతి బ్యాచ్ నుంచి ఆరు సీసాలు తీసి గడువు తీరేదాకా మీ దగ్గర ఉంచండి. గొడవ వస్తే మాట్లాడేది అవే.

తొమ్మిదో అడుగు: రెండో ఆర్డర్ తేదీని ఇప్పుడే రాసుకోండి

మొదటి కంటైనర్ ఓడ ఎక్కిన రోజే గోడ మీద క్యాలెండర్ తీసి వెనక్కి లెక్కపెట్టండి. గల్ఫ్‌లో నెయ్యి, పొడి గిరాకీ బాగా పెరిగేది రంజాన్‌కు ముందు. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరి మధ్యలో మొదలైంది, 2027లో ఫిబ్రవరి రెండో వారానికి, 2028లో జనవరి చివరికి వస్తుంది. సరుకు నెల ముందే అక్కడి దుకాణాల్లో ఉండాలి, ఓడ ప్రయాణానికి, కస్టమ్స్‌కు ఇంకో నెల తీసేయండి. అంటే 2027 రంజాన్‌కు 2026 డిసెంబర్ మొదటి వారంలో కంటైనర్ బయలుదేరాలి, 2028 రంజాన్‌కు 2027 నవంబర్‌లోనే బయలుదేరాలి. మన గేదెలు ఈని, పాలు పొంగే నెలలూ అవే. ఆ ఆర్డర్ మాట్లాడుకోవడానికి సరైన సమయం ఆగస్టు, ఇక్కడ పాలు ఇంకా పుంజుకోక ఎవరికీ ఎగుమతి గుర్తుకు రాని నెల.